ట్యాంకులో మనిషి పడిపోతే

కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో 2023 ఫిబ్రవరి 9న ఒక వంటనూనెల ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేసే పని పెట్టుకున్నారు. ఆ పనిలో ఏడుగురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పలువురు పాడేరు మన్యం నుంచి కూలికి వచ్చినవాళ్లు. పేలుడు లేదు, మంట లేదు, యంత్రమేదీ విరిగి మీద పడలేదు. ఊపిరాడక ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలిపోయారు.

అంతకు ఆరేళ్ల ముందు, 2017 మార్చిలో, పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ఫ్యాక్టరీలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు ఇలాగే పోయారు. 2018లో పలమనేరు దగ్గర ఒక హేచరీలో సెప్టిక్ ట్యాంకు దగ్గర ఇదే కథ. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మన ఆంధ్రా కార్మికులు ఇద్దరు మ్యాన్‌హోల్‌లో చిక్కుకుంటే, దారిన పోయే ఒక ఆటో డ్రైవర్ వాళ్లను కాపాడాలని లోపలికి దిగాడు. వాళ్లెవరో ఆయనకు తెలియదు, వాళ్ల భాష ఆయనది కాదు. ముగ్గురూ చనిపోయారు.

ఈ రోజు ప్రసంగాన్ని నేను ఈ ఒక్క రకం ప్రమాదానికే కేటాయిస్తున్నాను. పని భద్రత అంటే హెల్మెట్ నుంచి విద్యుత్ షాక్ దాకా చెప్పుకోవలసినవి చాలా ఉన్నాయి. కానీ మూసి ఉన్న చోట, అంటే ట్యాంకు, మ్యాన్‌హోల్, రియాక్టర్, సైలో, పాత బావి వంటి చోట్ల జరిగే మరణానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ ప్రమాదం ఒకరితో ఆగదు. అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ 1986లోనే ఇలాంటి ప్రమాదాలను పరిశీలించి, చనిపోయినవారిలో 60 శాతానికి మించి కాపాడబోయినవాళ్లేనని తేల్చింది. అంటే మనం కాపాడుకోవలసింది మొదట దిగిన మనిషిని ఒక్కడినే కాదు. అతని కోసం దిగబోయే రెండో మనిషిని, మూడో మనిషిని కూడా.

లోపల ఏముంటుందో ముందు చూద్దాం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 20.9 శాతం. అది 19.5 కన్నా తగ్గితే ఆ చోటు పనికి సురక్షితం కాదని లెక్క. పది శాతం దగ్గరికి వస్తే మనిషి స్పృహ తప్పుతాడు. ఇంకా తగ్గితే నాలుగైదు ఊపిర్లు చాలు, కాళ్లు చేతులు మాట వినవు. "ఇబ్బందిగా ఉంటే వెంటనే పైకి వచ్చేస్తాలే" అనే ధైర్యం అందుకే పనికిరాదు. ఇబ్బందిగా ఉందని తెలిసే సమయానికి నిచ్చెన మెట్టు పట్టుకునే శక్తి ఉండదు.

ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుంది? కారణాలు చాలా మామూలుగా ఉంటాయి. అడుగున మిగిలిన నూనె మడ్డి, మొలాసిస్, ధాన్యం, చేపల వ్యర్థాలు కుళ్లితే లేదా పులిస్తే ఆక్సిజన్ అయిపోతుంది, దాని బదులు వేరే వాయువులు పుడతాయి. ఖాళీ ఇనుప ట్యాంకును నెలల తరబడి బిగించి ఉంచితే చాలు, లోపలి గోడలు తుప్పు పడుతూ గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. "అందులో ఏమీ లేదండీ, ఖాళీ ట్యాంకే" అని సూపర్‌వైజర్ అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పడం లేదు. లోపల సరుకు లేదు. ఊపిరి కూడా లేదు.

మురుగు ఉన్న చోట హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన. కొంచెంగా ఉన్నప్పుడే ఆ వాసన తెలుస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో ఇది వంద పాళ్లకు చేరితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన ఆగిపోతుంది. వాసన పోయింది కదా, గ్యాస్ పోయిందనుకుంటాడు మనిషి. ఏడెనిమిది వందల పాళ్లు దాటితే ఒకటి రెండు ఊపిర్లకే కూలిపోతాడు. పైగా ఇది గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటుంది. మడ్డిని కదపనంత సేపూ అందులో ఇరుక్కుని ఉండి, పార పెట్టి కదపగానే ఒక్కసారి బయటికి వస్తుంది. దిగేటప్పుడు బాగున్న చోటు పది నిమిషాల తర్వాత ప్రాణాంతకం కావడానికి ఇదే కారణం.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. 2018 జులైలో తాడిపత్రిలో ఒక ఉక్కు కర్మాగారంలో ఆరుగురి ప్రాణం తీసింది ఇదే. బావిలో నీరు తోడడానికి డీజిల్ ఇంజను లోపలికి దించినప్పుడు పుట్టేదీ ఇదే. ఇక విశాఖ, అనకాపల్లి, సంగారెడ్డి చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు నైట్రోజన్ గురించి తెలుసుకోవాలి. మంటలు పుట్టకుండా రియాక్టర్లలో దాన్ని నింపుతారు. అది విషం కాదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. కానీ ట్యాంకు నిండా అదే ఉంటే ఆక్సిజన్‌కు చోటుండదు. వాసన లేదు, దగ్గు రాదు, కళ్లు మండవు. హెచ్చరిక అనేదే ఉండదు.

మన పల్లెల్లో పాడుబడిన బావిలోకి దిగేముందు లాంతరు దించి చూసే అలవాటు ఉండేది. దీపం ఆరిపోతే దిగేవాళ్లు కాదు. మంచి అలవాటే, ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది. అయితే ఆక్సిజన్ తగ్గిన సంగతే ఆ దీపం చెప్పగలదు. మనిషిని చంపేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకు నిప్పు. కనుక ట్యాంకు దగ్గర, మ్యాన్‌హోల్ దగ్గర దీపం, అగ్గిపుల్ల, కాగితం కాల్చి వేయడం వంటివి చేయవద్దు. దీనికి గ్యాస్ మీటర్ ఒక్కటే సాధనం. అరచేతిలో పట్టే పరికరం. ఆక్సిజన్, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, నాలుగూ ఒకేసారి చూపిస్తుంది. ధర వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. ట్యాంకులు కడిగించే ఏ ఫ్యాక్టరీ యజమాని అయినా ఇది కొనలేనంటే నేను ఒప్పుకోను.

చట్టం ఏమంటూ వచ్చింది? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ చదివితే ఆశ్చర్యమేస్తుంది. ఈ ప్రమాదాన్ని అంత స్పష్టంగా చూసి రాశారు. లోపల వాయువు పేరుకునే అవకాశం ఉన్న చోటికి, తగినంత పెద్ద మ్యాన్‌హోల్ గానీ, బయటపడే మరో మార్గం గానీ లేనిదే మనిషిని పంపకూడదు. అర్హత ఉన్న వ్యక్తి స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదకరమైన వాయువు లేదని కాగితం మీద రాసి ఇవ్వాలి. లేదంటే దిగే మనిషికి ఊపిరి పరికరం, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు ఉండాలి. ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో ఉండాలి. లోపలికి తీసుకెళ్లే బల్బు విషయంలో కూడా చట్టం పట్టించుకుంది. ప్రత్యేక రక్షణ ఏర్పాట్లు లేకపోతే 24 వోల్టులకు మించకూడదు.

2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టంతో సహా 13 చట్టాల చోటును ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ తీసుకుంది. యజమాని బాధ్యతలు తగ్గాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. తన విధిని పాటించకపోవడం వల్ల కార్మికుడు చనిపోతే యజమానికి రెండేళ్ల వరకు జైలు గానీ, కనీసం ఐదు లక్షల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. పనిలో చేరిన ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధనా ఈ కోడ్‌లో ఉంది. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, ట్యాంకులు కడిగేవాళ్ల పేర్లు చాలాచోట్ల ఏ రిజిస్టరులోనూ ఉండవు. వాళ్లు మేస్త్రి తెచ్చిన మనుషులు. మనిషి పోయాక, అతను మా దగ్గర పనిచేసినట్లు రుజువేదని అడుగుతారు. ఆ కుటుంబం ఏమి చూపిస్తుంది?

కాంట్రాక్టరుకు అప్పగించాం కాబట్టి మాకు సంబంధం లేదనే యజమానులకు ఒక మాట. ట్యాంకు మీది. అందులో అంతకుముందు ఏ సరుకు పోశారో, ఎన్నాళ్లు మూసి ఉంచారో, ఏ పైపు ఎటునుంచి వచ్చి కలుస్తుందో మీకు తెలుసు. బయటినుంచి వచ్చిన కూలికి తెలియదు. పరిహారం విషయంలో కూడా చట్టం అసలు యజమానిని వదిలిపెట్టదు. ముందు మీ దగ్గర వసూలు చేస్తుంది, తర్వాత మీరు కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి.

ఇప్పుడు పర్మిట్, అంటే లోపలికి దిగడానికి రాసి ఇచ్చే అనుమతి పత్రం సంగతి. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ కాగితం లేకుండా ఎవరినీ ట్యాంకులోకి దింపరు. కాగితం ఉన్నంత మాత్రాన సరిపోతుందా అంటే, అక్కడే అసలు లోపం కనిపిస్తుంది. పొద్దున షిఫ్ట్ మొదలవగానే ఆఫీసు గదిలో కూర్చుని పదిహేను పర్మిట్లు ఒకే చేతిరాతతో నింపేస్తారు. ఆక్సిజన్ 20.9 అని అన్నింటిలోనూ ఒకే అంకె. సంతకం పెట్టిన మనిషి ఆ ట్యాంకు మెట్లు ఎక్కి చూడడు. ఇలాంటి పర్మిట్ లేకపోవడమే మేలు, ఎందుకంటే అది చూసి కార్మికుడు నిశ్చింతగా దిగుతాడు. పర్మిట్‌ను ట్యాంకు నోటి దగ్గర నిలబడి రాయాలి. మీటర్‌ను గొట్టంతో లోపలికి దించి పైన, నడుమ, అడుగున మూడు చోట్లా చూడాలి. వాయువులు బరువును బట్టి పొరలుగా నిలుస్తాయి. పైన చూసి ఊరుకుంటే అడుగున ఉన్నది తెలియదు. ఆక్సిజన్ 19.5కు తగ్గకూడదు, 23.5 దాటకూడదు. ఎనిమిది గంటల పనికి హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల పాళ్లలో 10, కార్బన్ మోనాక్సైడ్ 50 దాటకూడదని ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులోనే ఉండేది. టీకి పైకి వచ్చి మళ్లీ దిగుతుంటే మళ్లీ చూడాలి. మీటర్‌ను దిగిన మనిషి ఒంటిమీదే ఉంచితే ఇంకా మంచిది.

గాలి చూడటానికి ముందే ట్యాంకుకు వచ్చే పైపులన్నీ విడదీయాలి, లేదా ప్లేటు వేసి మూసేయాలి. వాల్వు తిప్పి వదిలేస్తే చాలదు, వాల్వులు కారతాయి, తెలియనివాళ్లు తిప్పేస్తారు కూడా. లోపల కలిపే యంత్రం ఉంటే దాని కరెంటు తీసి తాళం వేయాలి, తాళంచెవి లోపలికి దిగే మనిషి జేబులో ఉండాలి. బ్లోయర్‌తో బయటి గాలి పంపాలి, పని జరుగుతున్నంత సేపూ ఆపకూడదు. ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి లోపలికి వదలడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఆక్సిజన్ ఎక్కువైన చోట నూనె మరకల బట్ట చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. ముక్కుకు తడి తువ్వాలు, గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు కట్టుకుని దిగడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. వడపోసే మాస్కు దుమ్మును ఆపుతుంది, లేని ఆక్సిజన్‌ను పుట్టించలేదు.

పైన నిలబడే మనిషి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలాచోట్ల ఆ పని కొత్తగా చేరిన కుర్రవాడికి ఇస్తారు. మధ్యలో "ఒరేయ్, ఆ బకెట్ తీసుకురా" అని వేరే పనికి పంపిస్తారు. నా లెక్కలో ఆ చోట అతని పనికన్నా ముఖ్యమైన పని మరొకటి లేదు. లోపలి మనిషిని రెప్ప వేయకుండా చూడటం, మాట్లాడిస్తూ ఉండటం, జవాబు ఆలస్యమైతే లాగేయడం అతని పని. అందుకు మూడు కాళ్ల స్టాండు, దానికి చేతితో తిప్పే చక్రం, లోపలి మనిషి ఒంటికి పూర్తి బెల్టు, ఆ బెల్టుకు తాడు ముందే తగిలించి ఉండాలి. స్పృహ తప్పిన మనిషిని ఒట్టి చేతులతో ఒక్కడు పైకి లాగలేడు.

ముందే ఎందుకంటే, ఆక్సిజన్ అందని మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. అగ్నిమాపక కేంద్రం పక్క వీధిలోనే ఉన్నా ఆ వ్యవధిలో వచ్చి, పరికరాలు తగిలించుకుని, దిగి, పైకి తేవడం దాదాపు అసాధ్యం. మనిషి పడిపోయాక తాడు కోసం స్టోర్‌కు పరుగెత్తడం రక్షణ కాదు. ఎవరూ లోపలికి అడుగు పెట్టకముందే అతన్ని బయటికి తీసే ఏర్పాటు ట్యాంకు మీద సిద్ధంగా ఉండాలి.

కార్మిక సోదరులారా, ఇక్కడ మీతో మాట్లాడాలి. లోపల పడిపోయింది మీ బావమరిది కావచ్చు, ఒకే ఊరి నుంచి ఒకే బస్సులో వచ్చిన స్నేహితుడు కావచ్చు. కళ్లముందు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే చేతులు కట్టుకుని నిలబడమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, దిగవద్దు. అతన్ని పడేసిన గాలే మిమ్మల్నీ పడేస్తుంది, మీ బలం, మీ వయసు దాని ముందు పనిచేయవు. మీరు పడిపోతే అతన్ని కాపాడవలసినవాళ్లు ఇద్దరిని కాపాడవలసి వస్తుంది. గట్టిగా అరవండి. తాడు ఉంటే బయటినుంచే లాగండి. బ్లోయర్ పెట్టి గాలి పంపండి, ఆపకుండా పంపుతూనే ఉండండి. అగ్నిమాపక శాఖకు 101, అంబులెన్స్‌కు 108, ఏదీ గుర్తురాకపోతే 112. ఫోన్ చేసినప్పుడు "ట్యాంకులో గ్యాస్, మనిషి లోపల ఉన్నాడు" అని స్పష్టంగా చెప్పండి, ఊపిరి పరికరాలతో వస్తారు. వీపున గాలి సిలిండర్, మొహానికి పూర్తి మాస్కు ఉండి, వాటి వాడకం నేర్చుకున్న మనిషే లోపలికి దిగాలి. ఆ మనిషి దగ్గర లేకపోతే మరెవరూ దిగకూడదు. పక్కవాళ్లు దిగబోతే గట్టిగా పట్టుకుని ఆపండి.

దిగమన్నప్పుడే అడగవలసినవి అడగండి. ఇందులో అంతకుముందు ఏముంది? మీటర్ పెట్టి చూశారా, నా ముందు చూపించండి. తాడు ఎవరు పట్టుకుంటారు? ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేసే హక్కు కార్మికుడికి ఉంది. భోపాల్ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి చేర్చిన హక్కు ఇది, కొత్త కోడ్‌లోనూ ఉంది. రోజుకూలి మనిషి ఒంటరిగా ఇది అడగలేడని నాకు తెలుసు. రేపటినుంచి రావద్దంటారన్న భయం నిజమైన భయం. అందుకే ఫ్యాక్టరీలో పర్మినెంటుగా ఉన్నవాళ్లు, యూనియన్లు, సేఫ్టీ కమిటీలో కూర్చునేవాళ్లు కాంట్రాక్టు కూలీ తరఫున ఈ ప్రశ్న అడగాలి. వాళ్ల ఉద్యోగానికి ఉన్న రక్షణ అతనికి లేదు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకు తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డు గోడమీద గీతలతో సమానం. వాళ్ల భాష వచ్చిన మనిషితో చెప్పించి, తిరిగి వాళ్ల నోట చెప్పించుకోవాలి.

ఇక బీమా, పరిహారం సంగతి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐ అనే కార్మిక బీమా వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75 శాతం. పనిలో గాయమైతే మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. పని వల్ల మరణం సంభవిస్తే, కుటుంబానికి జీతంలో 90 శాతం లెక్కన పింఛను వస్తుంది. ఈఎస్‌ఐ లేనిచోట యజమాని నేరుగా పరిహారం చెల్లించాలి.

చివరగా, ఫ్యాక్టరీతో ఏ సంబంధమూ లేదనుకుని వింటున్న శ్రోతలకు. మీ అపార్ట్‌మెంటులో సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు, మీ హోటల్ వెనుక డ్రైనేజీ పొంగినప్పుడు ఇద్దరు మనుషులను పిలిచి బేరమాడి దింపితే, ఆ క్షణంలో యజమాని మీరే. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది.

మనిషి దిగకుండా పని జరగదా అంటే, జరుగుతుంది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి పోగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను తెచ్చింది. పెద్ద లారీలు పట్టని బస్తీల్లో కూడా నీటి ఒత్తిడితో కాలువ శుభ్రమవుతోంది. సెప్టిక్ ట్యాంకుకు గొట్టం వేసి లాగే బండ్లు ఇప్పుడు చిన్న మున్సిపాలిటీల్లో కూడా దొరుకుతున్నాయి. అడుగున గట్టిపడిన మడ్డి మిగిలిందని, ఒక మనిషి దిగితే పూర్తవుతుందని బండివాడు అంటే ఒప్పుకోవద్దు. నీళ్లు కొట్టి కరిగించి మళ్లీ లాగమనండి. దానికి ఇంకో ట్రిప్పు డబ్బు అడుగుతాడు. ఇవ్వండి.